చెట్టు దిగని కోతికి జూలో చోటుందా?

ఈ సంచికకు అందిన ఉత్తరాలలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవే ఎక్కువ. వేసవి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకుని చెన్నై, తిరుపతి వైపు వెళ్లి వచ్చినవారు రాసినవి కాబోలు, వాటిలో చాలా భాగం కోతుల గురించి, ముఖ్యంగా జూలలో పెంచుతున్న అరుదైన కోతుల గురించి ఉన్నాయి. అందుచేత ఈసారి శీర్షికనంతా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మే నెలలో పిల్లలతో కలిసి ఒక జూకి వెళ్లాము. ఒళ్లంతా నలుపు, ముఖం చుట్టూ నెరిసిన జూలు, తోక చివర చిన్న కుచ్చు ఉన్న కోతి ఒకటి కంచె వెంబడి ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మేము అక్కడ ఉన్నంతసేపూ అది ఆగలేదు. బోర్డు మీద మాత్రం అంతరించిపోతున్న జాతి అనీ, సంరక్షిస్తున్నామనీ రాసి ఉంది. మా అమ్మాయి ‘కాపాడటమంటే ఇదేనా అమ్మా?’ అని అడిగితే నాకు జవాబు తోచలేదు. అడవిలో చెట్టు దిగకుండా బ్రతికే ప్రాణిని ఇలా ఉంచడం న్యాయమేనా?
— ఒక ఉపాధ్యాయురాలు, కావలి

జవాబు: మీరు చూసినది సింహపుతోక కోతి. అడవిలో ఇది మన దేశంలో తప్ప మరెక్కడా లేదు. మన దేశంలోనూ పశ్చిమ కనుమలలో, అందులోనూ కర్ణాటక, కేరళ, తమిళనాడు రాష్ట్రాల పరిధిలోని కొన్ని అడవులలోనే ఉంది. మిగిలినవి సుమారు 4,000 ఉంటాయని అంచనా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో చేరిన ప్రాణి కాబట్టి, చట్టం దృష్టిలో పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది.

పెంచలకోనలో భక్తుల చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుపోయే మన కోతిని దృష్టిలో పెట్టుకుని దీనిని అంచనా వేయకూడదు. మన కోతి గుడి గోపురం మీదా బ్రతుకుతుంది, బస్టాండులోనూ బ్రతుకుతుంది, ఏది దొరికితే అది తింటుంది. సింహపుతోక కోతికి ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు కాస్తూ ఉండే సతతహరితవనం కావాలి, ఆ చెట్ల కొమ్మలు ఒకదానికొకటి తగులుతూ దారి తెగకుండా ఉండాలి. తెల్లవారినది మొదలు చీకటి పడేదాకా గుంపు పై కొమ్మల్లో తిరుగుతూ పండ్లు, గింజలు, పూలు, బెరడు కింది పురుగులు వెతుక్కుంటుంది. అక్కడ కల్లెనియా అనే చెట్టు కాయ దీనికి ముఖ్యమైన ఆహారం. ఒళ్లంతా ముళ్లతో, చిన్న పనసకాయలా ఉండే ఆ కాయను ముళ్లు గుచ్చుకోకుండా చీల్చి గింజ తీయడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. పిల్ల తల్లిని అంటిపెట్టుకుని, ఆమె చేతిలోంచి జారిన ముక్కను నోట పెట్టుకుంటూ, నెలల తరబడి చూసి నేర్చుకుంటుంది.

మీ ప్రశ్నకు ఇదే కీలకం. ఈ జాతిని జూలో ఉంచడమంటే నాలుగు కోతులకు తిండి పెట్టి ప్రాణంతో నిలపడం కాదు, తల్లీ పిల్లా తోబుట్టువులూ ఉన్న గుంపును గుంపుగా నిలపడం. గుంపు లేకుండా మిగిలిన కోతి బ్రతికి ఉన్నా, ఆ జాతికి సంబంధించిన విద్య దానితోనే ఆగిపోతుంది.

ఇక మీరు చూసిన తిరుగుడు గురించి. అది వ్యాయామం కాదు, ఆట కాదు. చేయడానికి పని లేని, తప్పుకోవడానికి చాటు లేని జంతువులో ఏర్పడే జాడ్యం అది. అడవిలో పగటిలో పెద్ద భాగం తీసుకునే ఆహారాన్వేషణ జూలో పళ్లెంలో తరిగిపెట్టిన పండ్లతో కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుంది. మిగిలిన పగలంతా ఖాళీ. దానికి తోడు కంచె అవతల కేకలు, ఈలలు. మన దేశంలోని జూలలో సింహపుతోక కోతులను పరిశీలించినవారు, సందర్శకులు లేని రోజులకంటే ఉన్న రోజులలో ఇటువంటి అసహజ ప్రవర్తన ఎక్కువగా ఉన్నట్టు గుర్తించారు కూడా. అయితే ఒక మాట చెప్పాలి. ఇరుకు బోనులో ఒంటరిగా ఏళ్లు గడిపిన కోతిని తర్వాత విశాలమైన చోటికి మార్చినా ఈ అలవాటు వెంటనే పోదు, కొన్నింటికి ఎప్పటికీ పోదు. కాబట్టి ఒక్క కోతి తిరుగుడు చూసి ఆ జూ ఇప్పుడు దానిని సరిగా చూడటం లేదని తీర్పు చెప్పలేము. ఆ కోతి ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతకాలంగా అక్కడ ఉంది అని కీపరును అడగండి. చాలామంది కీపర్లు ఇటువంటి ప్రశ్న అడిగే సందర్శకుల కోసమే ఎదురుచూస్తూ ఉంటారు.

ఈసారి వెళ్లినప్పుడు మీ అమ్మాయికి మరికొన్ని చూపించండి. ఎన్‌క్లోజర్ వెడల్పుకంటే ముందు ఎత్తు చూడాలి. చెట్టు మీద బ్రతికే ప్రాణికి మనిషి తలకంటే పైన కూర్చునే చోటు లేకపోతే, కింద ఎంత స్థలం ఉన్నా లాభం లేదు. ఎక్కడానికి పెట్టినవి కదలకుండా బిగించిన ఇనుప కడ్డీలేనా, లేక బరువుకు ఊగే కొమ్మలూ తాళ్లూ కూడా ఉన్నాయా? ఆహారం ఒకేచోట కుప్పగా పోశారా, లేక వెదురు బొంగుల్లో దాచి, పైకప్పు జాలికి వేలాడదీసి వెతుక్కునేలా చేశారా? జనానికి కనబడకుండా వెళ్లి కూర్చునే చాటు ఉందా? అన్నిటికంటే ముఖ్యంగా, పొట్టకు కరచుకున్న పిల్ల ఎక్కడైనా కనిపిస్తోందా? మరొక సంగతి. గుంపులో పెద్ద మగకోతి మీవైపు చూస్తూ కోరలు కనబడేలా నోరు బారా తెరిస్తే అది నిద్రముంచుకొచ్చి ఆవులించినట్టు కాదు, దూరంగా ఉండమని చెప్పినట్టు. దానిని చూసి జనం నవ్వడం, సెల్‌ఫోను ఇంకా దగ్గరకు పెట్టడం మనకు పరిపాటి.

న్యాయం మాటకు వస్తే, చట్టం జూ ముందు పెట్టిన పని వినోదం కాదు. కేంద్ర జూ ప్రాధికార సంస్థ 1992లో ఏర్పడింది. దాని గుర్తింపు లేకుండా దేశంలో ఏ జూనూ నడపకూడదు. అడవిలో జరిగే సంరక్షణకు ఊతంగా నిలవడమే జూల ప్రధానోద్దేశమని 1998 నాటి జాతీయ జూ విధానం చెబుతోంది. ఆ పద్ధతిలో సింహపుతోక కోతి సంరక్షణ ప్రజననానికి, అంటే జాతిని నిలపడానికి జూలలో పిల్లలను పెట్టించే పనికి, చెన్నై దగ్గరి వండలూరు జూ సమన్వయ బాధ్యత వహిస్తోంది. ఇటువంటి జాతులకు వంశావళి రిజిస్టరు ఉంటుంది. ఏ కోతికి తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ జూలో పుట్టింది, ఏ జూకి వెళ్లింది అనేదంతా అందులో నమోదవుతుంది. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటిని జతకట్టనివ్వకుండా, మొదట అడవి నుంచి వచ్చిన జంతువుల జన్యువైవిధ్యంలో 90 శాతం వందేళ్ల పాటు నిలిచేలా చూడటం ఇటువంటి కార్యక్రమాలకు సాధారణంగా పెట్టుకునే లక్ష్యం. ఈ పనికి ప్రకృతే ఒక వెసులుబాటు ఇచ్చింది. అడవిలో ఆడపిల్లలు పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి ఈడు రాగానే బయటకు పోతాయి. కనుక ఒక జూ నుంచి మరొక జూకి మార్చవలసి వచ్చినప్పుడు మగవాటిని మార్చాలి. లెక్క సరిపెట్టడానికి తల్లీకూతుళ్లను విడదీస్తే గుంపు చెదిరిపోతుంది.

సొంత అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను. ఈ కోతిని జూలలో పెంచడం అవసరమే, కాని ప్రతి జూలోనూ ఒక జంట ఉండాలనుకోవడం మాత్రం తప్పు. అనుభవం, స్థలం, పశువైద్య సదుపాయం ఉన్న కొద్ది చోట్ల పెద్ద గుంపులుగా ఉంచాలి, వాటిలో కొన్నింటిని జనానికి చూపించకుండా ఉంచాలి. మిగిలిన జూలు మన మామూలు కోతినే చక్కని గుంపుగా ఉంచి చూపిస్తే పిల్లలు నేర్చుకునేది ఏమీ తగ్గదు.

ఎంత మంచి జూ అయినా చేయగలిగింది కొంతవరకే. ఈ జాతి నేటికీ మిగిలి ఉండటానికి పెద్ద కారణం కేరళలోని సైలెంట్ వ్యాలీ మునిగిపోకపోవడం. కుంతీపుళ నదిపై తలపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టును దేశవ్యాప్తంగా వచ్చిన వ్యతిరేకత తర్వాత విరమించుకున్నారు, 1984లో ఆ అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఆనాటి వాదనలలో ఈ కోతి పేరే ముందు వినబడింది. తమిళనాడులోని వాల్పారై ప్రాంతంలో పరిస్థితి వేరు. అక్కడ తేయాకు, కాఫీ తోటల మధ్య ముక్కలైపోయిన అడవిలో చిక్కుకున్న గుంపులు నేలకు దిగడం అలవాటు చేసుకుని, రోడ్డు దాటుతూ వాహనాల కింద పడుతున్నాయి. రోడ్డుకు అడ్డంగా చెట్టు నుంచి చెట్టుకు వేలాడే వంతెనలు కట్టవలసి వచ్చింది.

ప్రశ్న: జూలో కోతులకు అరటిపండ్లు వేయవద్దని కాపలావాళ్లు కోప్పడతారు. పండ్లు తినే ప్రాణికి పండు పెడితే తప్పేమిటి?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మనం బజారులో కొనే పండు మనిషి నాలుక కోసం తరతరాలుగా తీపి పెంచుకుంటూ వచ్చినది. అడవి పండులో పీచు, మాంసకృత్తులు ఎక్కువ, చక్కెర తక్కువ. తీపి పండ్లతో జూ కోతులు లావెక్కుతాయి, పళ్లు పుచ్చుతాయి, ప్రవర్తన కూడా మారుతుంది. ఇంగ్లండులోని పైన్టన్ జూ ఈ కారణంగానే 2014లో కోతులకు అరటిపండ్లు ఇవ్వడం మానుకుని కూరగాయల వాటా పెంచింది. రెండో కారణం జబ్బులు. మన క్షయ వంటివి వాటికి సోకుతాయి. మన మామూలు కోతి, దాని దగ్గరి చుట్టమైన సింహపుతోక కోతి వంటి కోతులలో కొన్నింటికి సహజంగా ఉండే హెర్పిస్ బి వైరస్ మనిషికి సోకితే ప్రాణం మీదికి రావచ్చు. కాపలావాళ్ల కోపం కోతి కోసం ఎంతో, మీ కోసమూ అంతే.

ప్రశ్న: జూలో పుట్టిన కోతులను తిరిగి అడవిలో వదిలితే బ్రతికిన ఉదాహరణ ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? లేక అది కాగితాల మీది మాటేనా?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఉంది. బ్రెజిల్‌లో రియో డి జనీరో రాష్ట్రపు తీరప్రాంత అడవిలో బంగారు సింహ టామరిన్ అనే చిన్న కోతి ఉంటుంది. బరువు అరకిలోకు కొంచెం ఎక్కువ, ఒళ్లంతా నారింజ రంగు బొచ్చు. అడవులు నరికివేతకు గురై, పెంపుడు జంతువుగా అమ్మడానికి పట్టుకుపోవడం కూడా తోడై, 1970ల ఆరంభానికి అడవిలో మిగిలినవి దాదాపు 200 మాత్రమే. జూలలో ఉన్నవీ అప్పట్లో సరిగా పిల్లలను పెట్టేవి కావు, పెట్టినా పెంచేవి కావు.

వాషింగ్టన్‌లోని జాతీయ జూలో డెవ్రా క్లైమన్ అనే శాస్త్రవేత్త ఆ చిక్కుముడి విప్పారు. ఆహారంలో మాంసకృత్తులు తక్కువని తేలింది, దానిని సరిదిద్దారు. అంతకంటే ముఖ్యమైన విషయం వేరొకటి. ఈ జాతిలో సాధారణంగా కవలలు పుడతాయి, తండ్రి, అన్నలు, అక్కలు కూడా వాటిని వీపున మోస్తారు. అలా తమ్ముళ్లను, చెల్లెళ్లను మోసిన కోతులే పెద్దయ్యాక తమ పిల్లలను పెంచగలుగుతాయి. జూలవారు తెలియక, చోటు కోసం పెద్దపిల్లలను ముందుగానే వేరుచేసేవారు. వేరుచేయడం మానుకోగానే సంతానం నిలబడింది.

1984లో పోసో దాస్ ఆంతాస్ అభయారణ్యంలో జూ కోతులను వదలడం మొదలుపెట్టారు. మొదటి గుంపులు చూసేవారికి కన్నీరు తెప్పించాయి. జూలో బిగించిన కర్రల మీద పెరిగినవి కనుక, అడవిలో బరువుకు వంగే సన్నని కొమ్మ మీద ఎలా నడవాలో వాటికి తెలియదు. ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు దారి వెతుక్కోలేక ఆగిపోయేవి. తొక్కలో దాగిన పండును, బోలుకొమ్మలోని పురుగును తీసుకోవడం రాదు. చాలా వరకు చనిపోయాయి. ఆ తర్వాత కొన్ని కుటుంబాలను వేసవిలో వాషింగ్టన్ జూలోని చెట్ల మీదే కంచె లేకుండా వదిలి అలవాటు చేశారు, బ్రెజిల్‌లో వదిలిన తర్వాత కూడా నెలల తరబడి ఆహారం అందిస్తూ కనిపెట్టుకుని ఉన్నారు. మొత్తం మీద వదిలినవి 146. ఇక్కడ గమనించదగ్గది ఏమిటంటే, వదిలిన తరం తడబడినా, అడవిలో వాటికి పుట్టిన పిల్లలు చక్కగా నిలదొక్కుకున్నాయి. తర్వాతి కాలంలో అడవిలోని టామరిన్లలో సుమారు మూడో వంతు ఆ జూ కోతుల సంతతే. 2003లో, అంతరించే ప్రమాదాన్ని కొలిచే అంతర్జాతీయ జాబితాలో ఈ జాతి అత్యంత ప్రమాదకర స్థాయి నుంచి ఒక మెట్టు తక్కువ ప్రమాద స్థాయికి మారింది. 2014 నాటికి సంఖ్య 3,700 చేరింది. ఆ తర్వాత దోమల ద్వారా సోకే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) వ్యాపించి సుమారు 2,500కు పడిపోయింది. అడవి కోతులకు టీకాలు కూడా వేశారు. 2023 లెక్కలో సుమారు 4,800 ఉన్నట్టు తేలింది.

ఇది చదివి జూలే ఆ కోతిని కాపాడాయనుకుంటే సగం నిజమే తెలుసుకున్నట్టు. అదే కాలంలో పశువుల మేతభూముల యజమానులు తమ భూముల్లో అడవి ముక్కలను నరకకుండా వదిలారు, వాటిని కలుపుతూ చెట్లు నాటారు, హైవే మీద ఈ కోతుల కోసం చెట్లతో కూడిన వంతెన నిర్మించారు. 1990లలో అతిచిన్న అడవి ముక్కల్లో చిక్కుకున్న అడవి గుంపులను పట్టి వేరే రక్షిత వనానికి మార్చితే, ఆ పని జూ కోతులను వదలడంకంటే తేలికగా, తక్కువ నష్టంతో సఫలమైంది. నేలా వాగూ కొమ్మా తెలిసిన గుంపులు కావడమే కారణం. మరొక విశేషం, ప్రపంచంలో ఏ జూలో ఉన్నా ఈ కోతులు బ్రెజిల్ ప్రభుత్వపు సొత్తుగా లెక్క. అమ్మకం, కొనుగోలు అనే మాట లేకుండా పోవడంతో ఏ కోతిని ఎక్కడికి పంపాలన్న నిర్ణయం వంశావళిని బట్టి సాగింది. మన సింహపుతోక కోతి విషయంలో ఈ స్థాయిలో అడవిలోకి వదిలే పని ఇంకా జరగలేదు.

ప్రశ్న: జూలలో సింహపుతోక కోతులు పెరిగితే కొన్నింటిని తెచ్చి మా నల్లమలలో వదలకూడదా? ఇంత పెద్ద అడవి ఉంది, పులులే బ్రతుకుతున్నాయి.
— ఒక రైతు, గిద్దలూరు మండలం

జవాబు: మీ ఆలోచన వెనుక ఉన్న మంచి ఉద్దేశం అర్థమైంది, కాని వదలకూడదు. నల్లమల ఆకురాల్చే అడవి. మాఘం దాటితే దిగువ కొండల్లో కొమ్మలు మోడువారడం మీరు ఏటా చూస్తున్నదే. పులికి కావలసినది దుప్పి, నీరు, చాటు. అవి అక్కడ ఉన్నాయి. ఏడాది పొడవునా పండు, పచ్చదనం, తెగని కొమ్మల దారి కావలసిన కోతి చైత్రవైశాఖాలలో అక్కడ ఏం తింటుంది? పశ్చిమ కనుమలలో అది ఉండే చోట్ల వాన మీ వైపుకంటే రెండింతలకు పైగానే కురుస్తుంది. ఆకలితో అది నేలకు దిగి మీ కంది చేలల్లోనూ, బొప్పాయి తోటల్లోనూ పడుతుంది, అప్పుడు దాని మీద మీరే ఫిర్యాదు చేయవలసి వస్తుంది. ఇంతకంటే పెద్ద చిక్కు మన మామూలు కోతి. రెండూ ఒకే ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల సమూహానికి చెందినవి. తోడు దొరకని కొద్దిపాటి సింహపుతోక కోతులు వాటితో జతకడితే, మనం కాపాడదలచిన వంశమే కలగలిసిపోతుంది. ఏ ప్రాణినైనా అది పూర్వం ఉండి కనుమరుగైన చోట వదలాలి. అదీ కనుమరుగు కావడానికి కారణమైన వేట, నరికివేత ఆగిన తర్వాతే వదలాలి.

ప్రశ్న: మా నిమ్మతోటలో ఒక రాత్రి చెట్టు కొమ్మను పట్టుకుని పెద్ద కళ్లతో చూస్తున్న దేవాంగపిల్లి పిల్ల ఒకటి కనిపించింది. తల్లి దగ్గర లేదు. ఇది కూడా అరుదైన చెట్టుప్రాణే కదా, తిరుపతి జూకి తీసుకువెళ్లి ఇస్తే తీసుకుంటారా?
— ఒక పాఠకుడు, రాపూరు

జవాబు: మీరు దానిని తీసుకువెళ్లవద్దు. దేవాంగపిల్లి కోతులకు దూరపు చుట్టం. ఇదీ మొదటి షెడ్యూలులోని ప్రాణే కాబట్టి, మంచి ఉద్దేశంతోనైనా పట్టి ఇంట్లో ఉంచుకోవడం, బస్సులో తరలించడం నేరమవుతుంది. సాధారణంగా మూడు వందల గ్రాములైనా తూగని ఈ ప్రాణి రాత్రిపూట పురుగులు, చీమలు, చెట్టు జిగురు తిని బ్రతుకుతుంది. జూలో పెంచడం చాలా కష్టమైన ప్రాణులలో ఇదొకటి. పగలు పడుకోవడానికి చీకటి, రాత్రి తిరగడానికి సన్నని తీగలు, బ్రతికున్న పురుగులు లేకపోతే నిలవదు. గాయపడి, కుక్కల బారినపడి ఉంటే మాత్రం చేతితో ముట్టకుండా, గుడ్డ కప్పిన గాలి ఆడే బుట్ట కింద ఉంచి అటవీ రేంజి కార్యాలయానికి కబురు చేయండి. ఎవరైనా క్షుద్రపూజల కోసం అడిగితే ఆ సంగతి కూడా వారికే చెప్పండి.

కాని మీ ఉత్తరాన్నిబట్టి చూస్తే ఆ పిల్లకు ఏ ఆపదా లేదు. తల్లి దేవాంగపిల్లి రాత్రి మేతకు వెళ్లేటప్పుడు పిల్లను ఒక కొమ్మకు అంటిపెట్టి వెళుతుంది, కొన్ని గంటల తర్వాత వచ్చి తీసుకుపోతుంది. టార్చిలైటు ఆపి, తోటలోని కుక్కను కట్టివేసి, మీరు ఇంటికి వెళ్లిపోతే తల్లి వచ్చి పిల్లను తీసుకుపోతుంది. తెల్లవారి చూసినప్పుడు కూడా పిల్ల అదే కొమ్మ మీద ఒంటరిగా ఉంటేనే అటవీశాఖవారిని పిలవాలి.